చిట్టా ఆవర్జాల నుంచి క్లౌడ్ దాకా – మిర్చి, పత్తి సీమ లెక్కల కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపవలసిందిగా మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేశారు. "సర్వీసు జ్ఞాపకాలు అందరూ వ్రాస్తున్నారండీ, మీరు చరిత్ర ఏదైనా వ్రాయండి" అన్నారు. 1976లో గుమాస్తాగా చేరి, 2015లో ఆఫీసరుగా పదవీ విరమణ చేసేదాకా ముప్పై తొమ్మిదేళ్ళు పద్దులతోనే కాలం గడిపినవాడిని. లెక్కల చరిత్ర తప్ప నాకు వేరే చరిత్ర ఏం తెలుస్తుంది? అందుకని ఆ చరిత్రే వ్రాస్తున్నాను. మిత్రులు ఓపికగా చదవగలరు.

గడచిన వేసవిలో గుంటూరు మిర్చియార్డుకు వెళ్ళాను. అక్కడ మా మేనల్లుడికి కమిషన్ దుకాణం ఉంది. ఇంట్లో తోచనప్పుడల్లా వెళ్ళి కూర్చుంటాను. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, సుమారు నా వయసువాడే, తన సరుకు తూకం అయిపోయాక దుకాణంలోకి వచ్చి, "నా పద్దు ఎక్కడుందో ఒక్కసారి చూపించు బాబూ" అని అడిగాడు. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు, "సర్వర్ రావట్లేదు పెద్దాయనా. లెక్కంతా క్లౌడ్‌లో ఉంది. కాసేపాగు" అన్నాడు. "క్లౌడ్ అంటే?" అన్నాడాయన. "అదే, మబ్బు" అని ఎవరో అందించారు. "మబ్బులో ఉందా? అయితే వానొచ్చినప్పుడు దిగుద్దిలే" అంటూ ఆ పెద్దాయన బల్లమీద కూలబడ్డాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. కాని బస్సెక్కి ఇంటికి వస్తుంటే ఆ మాట వదలలేదు. ఈ ప్రాంతంలో రైతు పద్దు ఎక్కడ మొదలై, ఏయే మజిలీలు దాటి ఆ మబ్బులోకి చేరిందో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలనిపించింది.

ఎర్రగుడ్డ పుస్తకాల కాలం

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఏ కమిషన్ దుకాణానికి వెళ్ళినా ఎర్రగుడ్డ అట్టల పుస్తకాలు వరుసగా ఉండేవి. ఏ రోజుకారోజు జరిగిన లావాదేవీ చిట్టాలో ఎక్కేది. దానినుంచి మనిషి వారీగా ఆవర్జాలోకి దిగేది. రైతుకు విత్తనాలకు ఇచ్చినది, పురుగుమందుకు ఇచ్చినది, కూతురి పెళ్ళికి ఇచ్చినది అన్నీ ఆ ఒక్క ఖాతాలోనే. సరుకు వచ్చి అమ్ముడయ్యాక అసలు, వడ్డీ, కమిషన్, ముఠా కూలి పోను మిగిలినది చేతిలో పెట్టేవారు. మిగలకపోతే బాకీ వచ్చే ఏటికి దిగేది.

దుకాణాల్లో కొందరు దీపావళికి, కొందరు ఉగాదికి కొత్త పుస్తకాలు తెరిచి, పసుపు కుంకుమ పెట్టి, మొదటి పద్దు వ్రాసేవారు. ఆదాయపు పన్ను చట్టం మారి, 1989 మార్చి 31తో ముగిసిన ఏడాది నుంచి అందరికీ ఒకే లెక్కల ఏడాది వచ్చింది. పూజ దీపావళికి, ముగింపు మార్చికి అయింది. బయటివారి నిబంధన మన పుస్తకాల తీరు మార్చడం నేను చూసిన మొదటి సందర్భం అది.

ఆ పుస్తకాలు నిజాయితీకి మారుపేరని నేను అనను. ఒక దుకాణానికి రెండు చిట్టాలున్న సంగతి ఆ కాలపువారికి తెలియనిది కాదు. వడ్డీ ఎలా కట్టారో రైతుకు అర్థమయ్యేదీ కాదు. అయితే ఒక మర్యాద ఉండేది. రైతు వచ్చి "నా పద్దు చూపించు" అంటే గుమాస్తా పుస్తకం అతని వైపు తిప్పేవాడు. అక్షరం రానివాడు కూడా తన పేరున్న పుట గుర్తుపట్టేవాడు. పుట మీద వేలు పెట్టి "ఇది ఎంత? ఇది ఎప్పటిది?" అని అడిగేవాడు. అడిగే హక్కు ఉందని ఇద్దరికీ తెలుసు.

మన బ్యాంకులో మాత్రం ఏమి తక్కువ? 1969 జూలై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న మరో 6 బ్యాంకులు జాతీయమయ్యాక పల్లెల్లో శాఖలు వెలిశాయి. ఒక్కో శాఖలో లెడ్జర్లు గోడల్లాగా పేర్చి ఉండేవి. నెలాఖరు బ్యాలెన్సింగు రాత్రులు మీలో ఎవరు మరిచిపోగలరు? తొమ్మిది పైసల తేడా కోసం మేం నలుగురం తెల్లవారేదాకా కూర్చున్న రాత్రి ఒకటి నాకింకా గుర్తు. తేడా దొరికాక ఎదురుగా ఉన్న హోటలువాడిని లేపి కాఫీ తాగాం.

కాగితానికి ఉన్న కష్టం కూడా చెప్పాలి. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను రేపల్లె వైపు ఒక శాఖలో ఉన్నాను. మనుషుల ప్రాణాలే దక్కని ఆ రోజున పుస్తకాల మాట ఎవరికి గుర్తుంటుంది? వారం తర్వాత తలుపులు తీసి చూస్తే కింది వరుస లెడ్జర్లు ఉబ్బి ముద్దలై ఉన్నాయి. వాటిని పుట పుటా విడదీసి ఎండబెట్టాం. సిరా కరిగిపోయిన చోట ఖాతాదారుల్నే అడిగి పాస్‌బుక్కులు చూసి మళ్ళీ వ్రాసుకున్నాం. కొన్ని పాస్‌బుక్కులు కూడా లేవు. కొందరు ఖాతాదారులూ లేరు. కాగితమే శాశ్వతమని ఎవరైనా అంటే నాకు ఆ ఎండబెట్టిన పుటలు జ్ఞాపకం వస్తాయి.

బాండు కథ

తర్వాత నేను ఫీల్డాఫీసరునయ్యాను. అవి వరలక్ష్మి సంకరపత్తితో మొదలైన ఆశ తెల్లదోమతో, శనగపచ్చపురుగుతో కూలిపోయిన రోజులు. 1987 ప్రాంతాల్లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న వార్తలు దేశమంతా తెలిశాయి. రికవరీకి ఊళ్ళకు వెళ్ళినప్పుడు నేను చూసినది ఏమిటంటే, ఆ రైతుకు మొత్తం ఎంత బాకీ ఉందో ఒక్కచోట వ్రాసిన పుస్తకం ఎక్కడా లేదు. బ్యాంకు లెడ్జర్లో కొంత, సొసైటీలో కొంత, పురుగుమందుల కొట్టులో కొంత, కమిషన్ వ్యాపారి ఆవర్జాలో కొంత. అతని భార్యకు ఏదీ తెలియదు. లెక్క ఒకచోట ఉండడం అనేది పెద్ద కంపెనీల సోకు అని నేను ఎన్నడూ అనుకోకపోవడానికి కారణం ఆ ఇళ్ళే.

మిర్చి సంగతికి వస్తే, ధర రాకపోతే కాయను శీతల గిడ్డంగిలో పెడతారు. గుంటూరు చుట్టుపక్కల ఇప్పుడు వందకు పైగా శీతల గిడ్డంగులున్నాయి. సరుకు దించుకొని గిడ్డంగివారు ఇచ్చే రసీదునే బాండు అంటారు. ఆ బాండు మీద బ్యాంకులు అప్పిస్తాయి. ఇక్కడే చిక్కు. రైతు తన టిక్కీలు నమ్మకంగా వ్యాపారి పేరునే గిడ్డంగిలో పెట్టించేవాడు. బాండు వ్యాపారి పేరున ఉంటుంది. రైతు చేతిలో ఉండేది ఒక తెల్లకాగితపు చీటీ.

ఊరి పేరు, మనుషుల పేర్లు, ఏ ఏడాదో చెప్పను. ఒక వ్యాపారి బాండ్ల మీద అప్పు తీసుకున్నాడు. గిడ్డంగికి వెళ్ళి టిక్కీలు లెక్కపెట్టి, "సరిపోయింది" అని సంతకం చేసినవాణ్ణి నేనే. ఆ ఏడు ధర పడిపోయింది. అప్పు తీరలేదు. సరుకు వేలం వేయడానికి బ్యాంకు నోటీసు ఇచ్చింది. అప్పుడు ఒక రైతు తన కొడుకుని వెంటబెట్టుకొని శాఖకు వచ్చాడు. "అయ్యా, అందులో ఎనభై టిక్కీలు నా కాయ" అని చీటీ చూపించాడు. చీటీ మీద గిడ్డంగి ముద్ర లేదు. నేను లెక్కపెట్టింది టిక్కీలనే గాని, అవి ఎవరివని అడగలేదు. అడగాలని నాకు తోచలేదు. మేనేజరుగారు నిస్సహాయంగా నా వైపు చూశారు.

రెండో రోజు సాయంత్రం, శాఖ మూసే వేళకు, ఆ వ్యాపారి దగ్గర గుమాస్తా వచ్చాడు. చంకలో ఎర్రగుడ్డ చిట్టా. ఏమీ మాట్లాడకుండా పుట తీసి బల్లమీద పెట్టాడు. రైతు పేరు, తేదీ, ఎనభై టిక్కీలు, గిడ్డంగిలో ఏ గదిలో పెట్టిందీ అతని చేతివ్రాతతోనే ఉంది. "ఇది నేను వ్రాసిన పద్దు సార్. అబద్ధం కాదు" అన్నాడు. పై ఆఫీసుకు వ్రాసి ఆ ఎనభై టిక్కీల వేలం ఆపించాం. రెండు నెలల తర్వాత రైతుకు అతని కాయ అతనికి దక్కింది. అప్పటికి ధర ఇంకా దిగింది. గుమాస్తా ఉద్యోగం మాత్రం దక్కలేదు.

ఈ కథ ఇంత వివరంగా ఎందుకు చెప్పానో ముందుకు వెళితే తెలుస్తుంది.

యంత్రం వచ్చింది

వ్యాపార లెక్కలకు కంప్యూటరును మొదట వాడినది బ్యాంకూ కాదు, సైన్యమూ కాదు. ఇంగ్లండులో టీ దుకాణాలు నడిపే లయన్స్ అనే సంస్థ. 1951లో లియో అనే యంత్రాన్ని తామే తయారుచేయించుకొని, తమ బేకరీల లెక్కలు కట్టించారు. రొట్టె ముక్కకు ఎంత ఖర్చయిందో తెలుసుకోవాలన్న కోరికే అందుకు మూలం. 1972లో జర్మనీలో ఐ.బి.ఎం. వదిలి వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు శాప్ సంస్థ పెట్టారు. కొనుగోలు, నిల్వ, అమ్మకం, జీతాలు, ఖాతాలు విడివిడి పుస్తకాలుగా కాక ఒకే యంత్రంలో ఒకదానికొకటి ముడిపడి ఉండాలన్నది వారి ఆలోచన. దీన్నే తర్వాత ఇ.ఆర్.పి. అన్నారు.

మన దేశంలో యంత్రం పేరు చెబితే ఉద్యోగులు భయపడ్డారు. 1960లలో ఎల్.ఐ.సి. కంప్యూటరుకు వ్యతిరేకంగా కలకత్తాలో జరిగిన పోరాటం మన తరం వారందరూ విన్నదే. బ్యాంకుల్లో 1983 సెప్టెంబరు ఒప్పందంతో యంత్రాలకు పరిమితంగా తలుపు తెరుచుకుంది. 1984లో, మళ్ళీ 1989లో రంగరాజన్ కమిటీలు నివేదికలిచ్చాయి. లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వచ్చాయి. మన శాఖకు మొదటి యంత్రం వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టింది మేనేజరుగారు, గేటు దగ్గర నల్లబ్యాడ్జీలు పంచింది నేను. రెండేళ్ళలో ఆ యంత్రం లేకుండా బ్యాలెన్సింగు చేయమంటే నాకే చేతకాలేదు. మన భయం పూర్తిగా తప్పు కాదు. పూర్తిగా ఒప్పూ కాదు. ఉన్నవారి ఉద్యోగాలు పోలేదు, రావలసినవారి ఉద్యోగాలు తగ్గాయి. దాన్ని మనం అప్పుడు చెప్పవలసినంత గట్టిగా చెప్పలేకపోయాం.

దుకాణాల్లోకి యంత్రాన్ని తెచ్చినది ట్యాలీ. దాని పుట్టుకకూ బట్టల మిల్లులకూ సంబంధం ఉండడం పత్తి సీమవారికి ఆసక్తికరమైన సంగతి. దక్షిణ, తూర్పు భారతంలోని జౌళి మిల్లులకు ముడిసరుకు, యంత్రభాగాలు సరఫరా చేసే శ్యామ్‌సుందర్ గోయెంకా తన ఖాతాలకు తగిన సాఫ్ట్‌వేర్ దొరకక, గణితం చదివిన కుమారుడు భరత్ గోయెంకాను తయారుచేయమన్నారు. 1986లో బెంగుళూరులో సంస్థ మొదలైంది. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకు ముందరి సాఫ్ట్‌వేర్లలో ప్రతి ఖాతాకు ఒక సంకేత సంఖ్య గుర్తుపెట్టుకోవలసి వచ్చేది. ట్యాలీలో మనిషి పేరే ఖాతా పేరు. ఆవర్జా వ్రాసినవాడు ఒక నెలలో నేర్చుకోగలిగాడంటే కారణం అదే.

1990లలో అరండల్‌పేట, బ్రాడీపేట వీధుల్లో కంప్యూటరు కోచింగు బోర్డులు వెలిశాయి. డీబేస్, ఫాక్స్‌ప్రో, ట్యాలీ నేర్చుకున్న డిగ్రీ పిల్లలు దుకాణాల్లో చేరారు. పాత గుమాస్తాల్లో కొందరు కళ్ళజోడు మార్చుకొని కీబోర్డు ముందు కూర్చున్నారు. కొందరు ఎర్రగుడ్డ పుస్తకంతోపాటే ఇంటికి వెళ్ళారు. వారికి మనలాగా పెన్షను లేదు, సంఘమూ లేదు. మనం చరిత్ర వ్రాసుకునేటప్పుడు వారి పేరున ఒక్క పుటయినా ఉంచాలి.

గడువులు తెచ్చిన మార్పు

ఒక మాట అనుభవంతో చెబుతాను. మన ప్రాంతంలో వ్యాపారాన్ని మెరుగ్గా నడుపుకోవాలని సాఫ్ట్‌వేర్ కొన్నవారు తక్కువ. ప్రభుత్వం గడువు పెడితే కొన్నవారే ఎక్కువ. 2005 ఏప్రిల్ 1న రాష్ట్రంలో వ్యాట్ వచ్చింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. ఎండుమిర్చిపై 5 శాతం పన్ను పడింది. 2017 నవంబరు నుంచి రైతు దగ్గర పత్తి కొన్న నమోదిత వ్యాపారి ఆ పన్ను తానే కట్టవలసి వచ్చింది. 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రం దాటే సరుకుకు ఈ-వే బిల్లు కావాలి. ఈ పనులన్నీ కంప్యూటరు లేకుండా, ఇంటర్నెట్ లేకుండా సాగవు. అంతకు ముందు ఆడిటరుగారి దగ్గరకు ఏడాదికి ఒకసారి సంచీలో వెళ్ళే లెక్కలు ప్రతి నెలా వెళ్ళసాగాయి.

మార్కెట్లు కూడా అదే దారి పట్టాయి. 2000లో మార్కెట్ ధరలు తెలిపే అగ్‌మార్క్‌నెట్ మొదలైంది. 2016 ఏప్రిల్ 14న జాతీయ వ్యవసాయ మార్కెట్ అంటే ఈ-నామ్ మొదలైంది. తర్వాత దుగ్గిరాల పసుపు యార్డు, గుంటూరు మిర్చియార్డు ఆ వరుసలో చేరాయి. గేటు దగ్గర సరుకు నమోదై లాటు సంఖ్య రావాలి. కొనేవారు కంప్యూటరులో ధర వేయాలి. తూకం, బిల్లు అన్నీ అందులోనే నడవాలి. ఉద్దేశం మంచిదే. అయితే కాయ రంగు, తాలు, తేమ చేత్తో పట్టి చూసే వ్యాపారిని తెర మీది అంకె నమ్మించడం తేలిక కాదు. రైతుకు అప్పు ఇచ్చినవాడే సరుకు అమ్మిపెట్టే ఏర్పాటు మారనంత కాలం తెర మారినా తీరు మారడం కష్టం.

మనకు సంబంధించినంతవరకు, 2000 తర్వాతి దశకంలో కోర్ బ్యాంకింగ్ వచ్చి శాఖలో ఉండే లెడ్జరు దూరంగా ఉన్న డేటా సెంటరుకు వెళ్ళింది. ఖాతాదారు శాఖకు చెందినవాడు కాక బ్యాంకుకు చెందినవాడయ్యాడు. మన శాఖ మార్పిడి జరిగిన వారంలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరి ఖాతాలు కలిసిపోయాయి. పాత లెడ్జరు బీరువాలో ఉంది కనుక పది నిమిషాల్లో తేల్చాం. ఆ తర్వాత అవి గోదాముకు వెళ్ళిపోయాయి. ఇవాళ అదే పొరపాటు జరిగితే ఎవరు తేలుస్తారు?

మబ్బు అంటే ఏమిటి?

క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు. ఎక్కడో ఒక ఊళ్ళో, పెద్ద భవనంలో, వేల కంప్యూటర్లు ఉంటాయి. అందులో చోటు మనం అద్దెకు తీసుకుంటాం. సాఫ్ట్‌వేర్ కూడా కొనం, నెలకు ఇంతని అద్దె కడతాం. 1999లో అమెరికాలో సేల్స్‌ఫోర్స్ సంస్థ ఈ పద్ధతిలో మొదలైంది. 2006లో అమెజాన్ తన కంప్యూటర్ల చోటును అద్దెకివ్వడం మొదలుపెట్టింది. మన పొరుగున మద్రాసులో పుట్టిన జోహో సంస్థ చిన్న వ్యాపారాలకు ఇలాంటి సేవలనే అందిస్తోంది.

గుంటూరువారికి దీన్ని ఇంతకన్న తేలికగా చెప్పవచ్చు. శీతల గిడ్డంగి తెలిసినవాడికి క్లౌడ్ తెలిసినట్లే. మన ఇంట్లో కాయ పెట్టుకుంటే రంగు పోతుంది, ఎలుకలు పడతాయి. ఇంటింటా శీతల యంత్రం పెట్టుకోలేం. అందుకని అద్దె కట్టి గిడ్డంగిలో పెడతాం. లెక్కలూ అంతే. మా మేనల్లుడి దుకాణంలో 2018లో కంప్యూటరు చెడిపోయి మూడు నెలల పద్దులు పోయాయి. అప్పుడు క్లౌడుకు మారాడు. 2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చి యార్డు మూతబడ్డప్పుడు ఇంట్లో కూర్చునే రైతుల ఖాతాలు చూసి డబ్బు పంపగలిగాడు. గణపవరం, చిలకలూరిపేట వైపు మిల్లుల్లో బేళ్ళ లెక్క, నూలు లెక్క, కరెంటు ఖర్చు యజమాని ఎక్కడున్నా ఫోనులో చూసుకునే వీలు ఇప్పుడుంది. ఉప్పెనలో తడిసిన లెడ్జర్లు ఎండబెట్టినవాణ్ణి కనుక ఈ మేలును నేను తక్కువ చేయను.

కాని గిడ్డంగి ఉపమానం అక్కడితో ఆగదు. గిడ్డంగిలో సరుకు పెట్టినవాడు అడగవలసిన ప్రశ్నలే క్లౌడులో లెక్క పెట్టినవాడూ అడగాలి. బాండు ఎవరి పేరున ఉంది? అద్దె కట్టడం ఆపితే నా సరుకు నాకిస్తారా? తాళం ఎవరి దగ్గర ఉంది? నిప్పు అంటుకుంటే దిక్కెవరు? ఈ చివరి ప్రశ్న ఊహ కాదు. 2024 జూలై 19న, అంటే మన జాతీయకరణ దినం నాడే, ఒక్క రక్షణ సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల ప్రపంచమంతటా విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు స్తంభించాయి. అదే నెలాఖరున బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థపై దాడి జరగడంతో మన దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు తాత్కాలికంగా నిలిచాయి. వాటిలో ఎక్కువ గ్రామీణ, సహకార బ్యాంకులే.

చట్టాలు మెల్లగా మేలుకుంటున్నాయి. గిడ్డంగుల చట్టం 2007లో వచ్చింది. 2017లో ఎలక్ట్రానిక్ గిడ్డంగి రసీదులు మొదలయ్యాయి. నమోదైన గిడ్డంగిలో పెట్టిన సరుకుకు రసీదు ఎవరి పేరున ఉందో, ఏ బ్యాంకుకు తాకట్టులో ఉందో ఒకచోట కనబడుతుంది. ఒకే సరుకును రెండుచోట్ల తాకట్టు పెట్టడం కుదరదు. నా సర్వీసు తొలినాళ్ళలో ఇది ఉంటే ఆ ఎనభై టిక్కీల సంగతి నేను సంతకం చేయకముందే అడగవలసివచ్చేది. అలాగే 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దు ఎవరు ఎప్పుడు దిద్దారో చెరగని జాడ ఉండాలని నిబంధన వచ్చింది. అయితే అది కంపెనీలకు. కమిషన్ దుకాణాల్లో చాలావరకు కంపెనీలు కావు.

పద్దులో పేరు లేనివాడు

నిరుడు, 2025-26 పత్తి సీజనుకు, భారత పత్తి సంస్థ కపాస్ కిసాన్ అనే యాప్ తెచ్చింది. మద్దతు ధర పొడవు పింజకు క్వింటాలుకు రూ. 8,110, మధ్యరకానికి రూ. 7,710. సంస్థకు అమ్మాలంటే రైతు ముందుగా యాప్‌లో నమోదు కావాలి. వెళ్ళవలసిన రోజు ముందే తెలుస్తుంది, డబ్బు సూటిగా ఖాతాలో పడుతుంది. దళారీ లేకుండా చేయాలన్న ఆలోచనను తప్పుపట్టలేం.

పర్చూరు వైపు మా బంధువుల ఊరు వెళ్ళినప్పుడు ఒక కౌలు రైతు ఫోను పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "బ్యాంకులో చేశారంట గదండీ, ఇది కాస్త చూసిపెట్టండి" అన్నాడు. అరగంట ప్రయత్నించాం. భూమి వివరం అడిగిన చోట ఆగిపోయాం. దున్నింది ఆయన, ఎరువు వేసింది ఆయన, తీసింది ఆయన. కాగితంలో ఉన్నది హైదరాబాదులో ఉంటున్న యజమాని పేరు. సాగుదారు హక్కుల కార్డుకు యజమాని సంతకం పెట్టలేదు. చివరకు ఆయన పత్తి ఊళ్ళోకి వచ్చిన వ్యాపారికే, మద్దతు ధరకు తక్కువగా అమ్ముకున్నాడు. ఆ రోజు నాకు ఎనభై టిక్కీల రైతు గుర్తొచ్చాడు. ఆనాడు చీటీ ఉండి బాండు లేదు. ఈనాడు ఫోను ఉండి పేరు లేదు. యంత్రం అబద్ధం చెప్పలేదు. అడగవలసిన ప్రశ్నే అడగలేదు. నేనూ ఆనాడు గిడ్డంగిలో చేసింది అదే గదా!

కనుక నా అభిప్రాయం ఇది. లెక్క కాగితం మీద ఉందా, యంత్రంలో ఉందా, మబ్బులో ఉందా అన్నది రెండో ప్రశ్న. ఆ లెక్కలో ఎవరి పేరు వ్రాశారు, ఆ పేరుగలవాడు వచ్చి అడిగితే దాన్ని అతనివైపు తిప్పి చూపించేవారు ఎవరు అన్నది మొదటి ప్రశ్న. ఆ గుమాస్తా చిట్టా తెచ్చినందువల్ల పద్దు సాక్ష్యం చెప్పింది. పద్దు తనంతట తాను నడిచి రాలేదు.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. 2014 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్ వచ్చి, బ్రతికున్నామని మనం వేలిముద్రతో రుజువు చేస్తున్నాం. ప్రభుత్వ పెన్షనరు మిత్రుల లెక్కలు 2018 ఏప్రిల్ నుంచి సి.ఎఫ్.ఎం.ఎస్. ద్వారా నడుస్తున్నాయి. వేలి గీతలు అరిగిపోయిన మన మిత్రుడొకరు మూడుసార్లు తిరిగి, "యంత్రం లెక్కలో నేను లేనట" అని నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు వెనుక ఏముందో మనకు తెలుసు.

సభ్యులకు మూడు చిన్న మనవులు. మొదటిది, ఏడాదికి ఒకసారి, మార్చి దాటగానే, మీ ఖాతాల స్టేట్‌మెంటు కాగితం మీద తీసి ఇంట్లో పెట్టుకోండి, ఎక్కడుందో ఇంట్లోవారికి చెప్పండి. రెండవది, వ్యాపారంలో ఉన్న మీ పిల్లలు క్లౌడు సాఫ్ట్‌వేర్ తీసుకునేటప్పుడు ధర ఎంతని మాత్రమే కాక, మానేసిన రోజున మన లెక్క మొత్తం మన చేతికి వస్తుందా అని అడగమనండి. మూడవది, మనలో ఓపిక ఉన్నవారు ఉన్న ఊళ్ళోనే నెలకు ఒక పూట కూర్చుని రైతులకు వారి ఖాతా, బాండు, యాప్ చదివిపెడితే బాగుంటుంది. మన చేతిలో సంతకం అధికారం ఇప్పుడు లేదు. పద్దు చదవడం మాత్రం మరిచిపోలేదు.

ఆ రోజు మిర్చియార్డులో గంట తర్వాత సర్వరు వచ్చింది. కుర్రవాడు ఆ పెద్దాయన లెక్క చదవబోతుంటే నేను లేచి, కంప్యూటరు తెరను ఆయన వైపు తిప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకొని, తెర మీద వేలు పెట్టి, "ఇది ఎంత? ఇది ఎప్పటిది?" అని అడిగాడు. ఒకచోట ముఠా కూలి రెండుసార్లు పడింది. కుర్రవాడు దిద్దాడు.